సుదూర టెలిఫోను సేవలలో పోటీ

ఒక టెలిఫోను ఎక్స్ఛేంజీ పరిధి నుండి మరొక పట్టణానికి, మరొక రాష్ట్రానికి లేదా మరొక దేశానికి చేసే ఫోన్ కాల్స్‌ను సుదూర కాల్స్ అంటారు. భారతదేశంలో దేశంలోపలి సుదూర కాల్స్‌కు ఎస్.టి.డి. అని, విదేశాలకు చేసే కాల్స్‌కు ఐ.ఎస్.డి. అని వాడుకలో పేర్లు స్థిరపడ్డాయి. రాష్ట్రాల మధ్య ఎస్.టి.డి. సేవలోకి 2000లో, ఐ.ఎస్.డి. సేవలోకి 2002లో పోటీ సంస్థలకు ప్రవేశం లభించింది. అంతకుముందు ఈ రెండు సేవలలోను గుత్తాధిపత్యం ఉండేది. పోటీ వలన కాల్ ధరలు ఎన్నో రెట్లు తగ్గాయి. అయితే తన కాల్‌ను ఏ సంస్థ మోసుకొనిపోవాలో వినియోగదారుడే నిర్ణయించుకొనే హక్కు మాత్రం నిబంధనలలోనే మిగిలిపోయింది. ఈ పరిణామాన్ని నిజామాబాదు జిల్లాలోని కమ్మర్‌పల్లి, బోధన్ ప్రాంతాల ఉదాహరణలతో ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రాంతపు అవసరాలు

కమ్మర్‌పల్లి నిజామాబాదు జిల్లాలోని ఒక మండల కేంద్రము. ఇది ఆర్మూరు నుండి మెట్‌పల్లి, జగిత్యాల వైపు వెళ్ళే 63వ నంబరు జాతీయ రహదారిపై ఉన్నది. ఈ ప్రాంతపు ప్రజలకు దూరప్రాంతాలతో మాట్లాడవలసిన అవసరం మూడు విధాలుగా ఏర్పడింది.

మొదటిది పసుపు వ్యాపారం. ఈ ప్రాంతంలో పసుపు ప్రధాన వాణిజ్య పంట. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం కూడా ఉన్నది. రైతులు తమ పంటను ఎక్కువగా నిజామాబాదు మార్కెట్ యార్డులో అమ్ముతారు. కొందరు మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్‌కు తీసుకొనిపోతారు. లారీకి సరుకు ఎత్తకముందే అక్కడి ధర తెలుసుకోవడం రైతుకు ముఖ్యం.

రెండవది వలసలు. ఆర్మూరు, కమ్మర్‌పల్లి, మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతాల నుండి దుబాయి, సౌదీ అరేబియా, ఒమన్, ఖతార్, కువైట్, బహ్రెయిన్ దేశాలకు కూలి పనులకు వెళ్ళినవారు అధికం. ముంబై, భివండి వంటి పట్టణాలకు వెళ్ళినవారూ ఉన్నారు. ఇంటికి డబ్బు చేరిందో లేదో, పిల్లల జ్వరం తగ్గిందో లేదో తెలుసుకోవడానికి ఈ కుటుంబాలకు ఫోను తప్ప వేరు త్వరిత మార్గం ఉండేది కాదు.

మూడవది రాష్ట్ర సరిహద్దు. 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారం వలన ప్రసిద్ధి చెందిన బోధన్ పట్టణం మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్నది. ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. మంజీర నది దాటితే మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా వస్తుంది. రెండు వైపులా బంధుత్వాలు, వ్యాపారాలు ఉన్నవారికి ఇక్కడ దూరం తక్కువే, కాని టెలిఫోను లెక్కలో అది వేరే రాష్ట్రము.

ట్రంకు కాల్ నుండి ఎస్.టి.డి. వరకు

పూర్వం వేరే ఊరితో మాట్లాడాలంటే ఎక్స్ఛేంజీలోని ఆపరేటరుకు నంబరు చెప్పి, ట్రంకు కాల్ నమోదు చేయించుకొని వేచి ఉండవలసి వచ్చేది. ఆర్డినరీ, అర్జంట్, లైట్నింగ్ అని వీటిలో తరగతులు ఉండేవి. తొందరగా లైను కావాలంటే ఎక్కువ రుసుము చెల్లించాలి. ఫలానా వ్యక్తి వస్తేనే మాట్లాడే పద్ధతిని పి.పి. కాల్ అనేవారు. తరువాతి కాలంలో ఇంట్లో ఫోను లేనివారు పొరుగింటి నంబరు ఇచ్చి, దాని పక్కన "పి.పి." అని వ్రాయడం అలవాటయింది.

ఆపరేటరు ప్రమేయం లేకుండా వినియోగదారుడే నేరుగా నంబరు తిప్పి దూరప్రాంతంతో మాట్లాడే ఎస్.టి.డి. విధానం భారతదేశంలో 1960 నవంబరులో కాన్పూర్, లక్నో నగరాల మధ్య మొదలైంది. ఈ విధానంలో ప్రతి ప్రాంతానికి ఒక కోడు ఉంటుంది. నిజామాబాదుకు 08462, ఆర్మూరుకు 08463, బోధన్‌కు 08467 కోడ్‌లు. కమ్మర్‌పల్లి ల్యాండ్‌లైన్లు ఆర్మూరు కోడు పరిధిలోకి వస్తాయి.

1980వ దశకం చివర, 1990వ దశకంలో ఎస్.టి.డి. బూత్‌లు పట్టణాలకు, పెద్ద గ్రామాలకు విస్తరించాయి. పసుపు రంగు బోర్డు, అద్దాల గది, ఎర్రని అంకెలతో పెరిగే మీటరు వీటి గుర్తులు. ఫోను కనెక్షను కొనలేని కుటుంబాలకు సుదూర టెలిఫోను సేవ మొదట అందినది ఈ బూత్‌ల ద్వారానే. బూత్ నడిపేవారికి బిల్లు మొత్తంలో కమీషను లభించేది. చాలామంది వికలాంగులకు ఇది జీవనోపాధి అయినది.

దూరాన్ని బట్టి ధర

ఎస్.టి.డి. ధర రెండు అంశాలపై ఆధారపడేది. ఒకటి దూరము, రెండవది సమయము. కాల్ జరుగుతున్నప్పుడు ఎక్స్ఛేంజీలోని మీటరు పల్సులను లెక్కిస్తుంది. ప్రతి పల్సుకు ఒకే ధర. స్థానిక కాల్‌లో కొన్ని నిమిషాలకు ఒక పల్సు పడితే, సుదూర కాల్‌లో కొన్ని సెకన్లకే ఒక పల్సు పడుతుంది. బూత్‌లో మీటరు అంకెలు వేగంగా మారడానికి కారణం ఇదే. రాత్రి వేళ ధర సగానికి, మరింత పొద్దుపోయిన తరువాత పావు వంతుకు తగ్గేది. అందువలన రాత్రిపూట బూత్‌ల వద్ద వరుసలు కనిపించేవి.

దూరాన్ని ఆయా ప్రాంతాల కేంద్రాల మధ్య లెక్కించి, 50, 200, 500, 1000 కిలోమీటర్లు హద్దులుగా శ్రేణులను ఏర్పరచారు. ఆర్మూరు కోడు పరిధిలోని కమ్మర్‌పల్లి నుండి చేసే కాల్స్ ఈ క్రింది విధంగా ఉండేవి:

* హైదరాబాదు - 50 నుండి 200 కి.మీ. శ్రేణి
* సాంగ్లీ - 200 నుండి 500 కి.మీ. శ్రేణి
* ముంబై - 500 నుండి 1000 కి.మీ. శ్రేణి
* ఢిల్లీ - 1000 కి.మీ. పైబడిన శ్రేణి

శ్రేణి మారిన కొద్దీ ధర పెరిగేది. నిజానికి కాల్‌ను చేరవేయడానికి అయ్యే ఖర్చు ఇంత తేడాగా ఉండదు. స్థానిక ఫోను అద్దెను, గ్రామీణ ఎక్స్ఛేంజీల నిర్వహణ ఖర్చును తక్కువగా ఉంచడానికి, ఆ లోటును సుదూర కాల్స్ ఆదాయంతో పూడ్చేవారు. ఈ పద్ధతి వలన గ్రామాలకు ఫోను వచ్చిన మాట వాస్తవం. కాని అదే గ్రామం నుండి వలస వెళ్ళినవారి కుటుంబాలే ఎక్కువ ధర చెల్లించవలసి వచ్చేది.

పోటీకి ద్వారాలు

1985లో తపాలా శాఖ నుండి వేరుపడిన టెలికాం శాఖ దేశంలోపలి ఫోను సేవలను నిర్వహించేది. 1986లో ఢిల్లీ, ముంబై నగరాల కొరకు ఎం.టి.ఎన్.ఎల్., విదేశీ సేవల కొరకు వి.ఎస్.ఎన్.ఎల్. ఏర్పడ్డాయి. 1994 జాతీయ టెలికాం విధానం ఫోను సేవలలోకి ప్రైవేటు పెట్టుబడిని ఆహ్వానించింది. 1997లో టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ ట్రాయ్ ఏర్పడినది. 1999లో కొత్త టెలికాం విధానం వచ్చింది. అదే సంవత్సరం టాటా టెలీసర్వీసెస్ సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో ఫోను సేవలను ప్రారంభించి, ప్రభుత్వ ఫోనుకు ప్రత్యామ్నాయాన్ని చూపింది.

2000 ఆగస్టులో రాష్ట్రాల మధ్య సుదూర సేవలలోకి ప్రైవేటు సంస్థలను అనుమతిస్తూ ప్రభుత్వం మార్గదర్శకాలు ప్రకటించింది. ప్రవేశ రుసుము 100 కోట్ల రూపాయలు. 2000 అక్టోబరు 1న టెలికాం శాఖ సేవా విభాగం బి.ఎస్.ఎన్.ఎల్. అనే ప్రభుత్వ సంస్థగా మారింది. భారతి సంస్థ ఇండియావన్ పేరుతో సుదూర సేవలోకి దిగడంతో, 2002 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. ఎస్.టి.డి. ధరలను సుమారు 60 శాతం వరకు తగ్గించింది. పోటీ సంస్థ వైర్లు కమ్మర్‌పల్లికి రాకపోయినా, పోటీ వలన తగ్గిన ధర మాత్రం అక్కడి బూత్‌కు కూడా వర్తించింది.

2002 ఫిబ్రవరిలో వి.ఎస్.ఎన్.ఎల్.లో 25 శాతం వాటాను, నిర్వహణను ప్రభుత్వం టాటా సంస్థలకు అప్పగించింది. అదే సంవత్సరం ఏప్రిల్ 1 నుండి విదేశీ కాల్స్‌పై ఆ సంస్థకున్న గుత్తాధిపత్యం ముగిసింది. 2008లో వి.ఎస్.ఎన్.ఎల్. పేరు టాటా కమ్యూనికేషన్స్‌గా మారింది.

క్యారియర్‌ను ఎంచుకొనే హక్కు

ఒక సుదూర కాల్‌లో సాధారణంగా మూడు పాత్రలు ఉంటాయి: కాల్ మొదలయ్యే స్థానిక సంస్థ, నగరాల మధ్య దానిని మోసే సంస్థ, కాల్ చేరే చోటి స్థానిక సంస్థ. నడుమ మోసే సంస్థను క్యారియర్ అంటారు. స్థానిక ఫోను ఎవరిదైనా, క్యారియర్‌ను వినియోగదారుడే ఎంచుకొనగలగడం సుదూర సేవలలో పోటీకి మూలసూత్రము.

ఈ విధానం అమెరికాలో ముందుగా అమలయింది. అక్కడ 1984 జనవరి 1న ఎ.టి. అండ్ టి. సంస్థను విభజించి, స్థానిక సేవలను ప్రాంతీయ సంస్థలకు అప్పగించారు. సుదూర సేవలకు ఎ.టి. అండ్ టి., ఎం.సి.ఐ., స్ప్రింట్ వంటి సంస్థలు పోటీపడ్డాయి. ఇంటి ఫోనుకు ఒక సంస్థను శాశ్వతంగా నిర్ణయించుకోవచ్చు, లేదా ఒక కాల్‌కు మాత్రమే కోడు నొక్కి వేరొక సంస్థను వాడుకోవచ్చు. ఆ దేశంలో స్థిరపడిన తెలుగువారు స్వదేశానికి మాట్లాడడానికి ఈ సౌకర్యాన్ని, కాలింగ్ కార్డులను విరివిగా వాడుకొన్నారు.

భారతదేశంలో కూడా ఇదే ఉద్దేశంతో 2002 జూలైలో ట్రాయ్ క్యారియర్ ఎంపికపై ఆదేశాలు ఇచ్చింది. ముందుగా ఒక సంస్థను ఎంచుకొని ఉంచడం, కాల్ చేసినప్పుడల్లా కోడు నొక్కి ఎంచుకోవడం అని రెండు పద్ధతులను ఉద్దేశించారు. ఇది అమలయి ఉంటే, కమ్మర్‌పల్లిలోని బి.ఎస్.ఎన్.ఎల్. ల్యాండ్‌లైన్ నుండి సాంగ్లీకి ఒక సంస్థ ద్వారా, దుబాయికి మరొక సంస్థ ద్వారా మాట్లాడడం సాధ్యమయ్యేది. కాని దీనికోసం దేశంలోని ఎక్స్ఛేంజీలలో పరికరాలను, సాఫ్ట్‌వేరును మార్చవలసి ఉన్నది. ఆ ఖర్చును ఎవరు భరించాలి అనే ప్రశ్న తేలలేదు. తన వినియోగదారుని కాల్‌ను పోటీ సంస్థకు అప్పగించడానికి స్థానిక సంస్థలకు ఆసక్తి కూడా లేదు. ఈ విధానం వాయిదా పడుతూ వచ్చి, చివరకు దేశవ్యాప్తంగా అమలు కాలేదు.

ధరలు తగ్గిన మార్గం

క్యారియర్ ఎంపిక లేకపోయినా ధరలు తగ్గడానికి ప్రధాన కారణం సెల్‌ఫోను. 2002 అక్టోబరులో బి.ఎస్.ఎన్.ఎల్. సెల్‌ఫోను సేవలోకి వచ్చింది. 2002 డిసెంబరు 28న రిలయన్స్ ఇన్ఫోకామ్ తన చందాదారుల మధ్య దేశంలో ఎక్కడికైనా నిమిషానికి 40 పైసల ధరతో సేవలు ప్రకటించింది. 2003 మే 1 నుండి సెల్‌ఫోనుకు వచ్చే కాల్స్ ఉచితమయ్యాయి. 2000వ దశకం మధ్య నాటికి ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో ఎయిర్‌టెల్, ఐడియా, హచ్, బి.ఎస్.ఎన్.ఎల్., రిలయన్స్, టాటా ఇండికాం సేవలు లభించేవి. దీనితో వినియోగదారుడు క్యారియర్‌ను కాక మొత్తం ఫోను సంస్థనే ఎంచుకొనడం మొదలైంది.

సంస్థల మధ్య చెల్లింపులను కూడా ట్రాయ్ క్రమబద్ధం చేసింది. 2004 ఫిబ్రవరి నుండి కాల్‌ను అందుకొనే సంస్థకు నిమిషానికి 30 పైసలు చెల్లించే పద్ధతి వచ్చింది. నగరాల మధ్య కాల్‌ను మోసినందుకు క్యారియర్ తీసుకొనే రుసుమును 2006లో, దూరంతో సంబంధం లేకుండా, నిమిషానికి గరిష్ఠంగా 65 పైసలుగా నిర్ణయించింది. ఈ పరిమితి 2015లో 35 పైసలకు తగ్గింది. సుదూర సేవల ప్రవేశ రుసుము కూడా 2006లో 100 కోట్ల నుండి 2.5 కోట్ల రూపాయలకు తగ్గడంతో మరిన్ని సంస్థలు రంగంలోకి వచ్చాయి.

2006 మార్చి 1న బి.ఎస్.ఎన్.ఎల్., ఎం.టి.ఎన్.ఎల్. సంస్థలు "వన్ ఇండియా" పథకాన్ని ప్రవేశపెట్టాయి. ఈ పథకంలో దేశంలో ఎక్కడికైనా నిమిషానికి ఒక రూపాయి. కమ్మర్‌పల్లి రైతుకు హైదరాబాదు, సాంగ్లీ, ఢిల్లీ ఒకే ధరకు వచ్చాయి. ధర నిర్ణయంలో దూరానికి ఉన్న ప్రాధాన్యం ఇక్కడి నుండి తగ్గిపోయింది. 2009లో టాటా డొకొమో సెకనుకు ఒక పైసా లెక్కను ప్రవేశపెట్టగా, ఇతర సంస్థలు కూడా అదే బాట పట్టాయి. ఎస్.టి.డి. బూత్‌లు క్రమంగా మూతపడ్డాయి.

సరిహద్దు ప్రాంతాల ఇబ్బంది మాత్రం కొంతకాలం కొనసాగింది. సెల్‌ఫోను సర్కిల్‌కు రాష్ట్ర సరిహద్దే హద్దు కావడంతో, బోధన్ వాసి మంజీర దాటగానే రోమింగ్ రుసుము పడేది. 2016 సెప్టెంబరు 5న జియో సంస్థ ఉచిత వాయిస్ కాల్స్‌తో, దేశంలో రోమింగ్ రుసుము లేకుండా సేవలను ప్రారంభించింది. పోటీ సంస్థలు కూడా ఈ రుసుమును ఎత్తివేశాయి.

గల్ఫ్ కాల్స్ - రెండు వైపులా పోటీ

దేశంలోపలి కాల్స్ చౌక అయినంత త్వరగా గల్ఫ్ కాల్స్ చౌక కాలేదు. వీటిలో ఎక్కువ భాగం అక్కడి నుండి ఇక్కడికి వచ్చేవి. ఇంటి నుండి మిస్డ్ కాల్ ఇస్తే, అక్కడి కార్మికుడు తిరిగి ఫోన్ చేయడం వాడుక. కనుక ఖర్చు అక్కడి సంస్థ ధరపై ఆధారపడుతుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2007లో డు సంస్థ సేవలు ప్రారంభించే వరకు ఎతిసలాత్ ఒక్కటే ఉండేది. సౌదీ అరేబియాలో సెల్‌ఫోను సేవలలో మొదటి పోటీదారు మొబైలీ 2005లో వచ్చింది. ఖతార్‌లో వోడాఫోన్ 2009లో వచ్చింది. భారతదేశంలో ఎన్ని సంస్థలు ఉన్నా, అవతలి వైపు ఒకే సంస్థ ఉన్నంత కాలం ధర తగ్గదని దీని వలన తెలుస్తున్నది.

భారతదేశం వైపు నుండి కూడా ఒక భారం ఉండేది. గ్రామీణ ల్యాండ్‌లైన్ల నష్టాన్ని పూడ్చడానికి యాక్సెస్ డెఫిసిట్ చార్జి అనే రుసుము విధించారు. 2004లో విదేశాల నుండి వచ్చే కాల్‌పై ఇది నిమిషానికి 4.25 రూపాయలు. క్రమంగా తగ్గిస్తూ 2008లో పూర్తిగా ఎత్తివేశారు. ఈ రుసుమును తప్పించుకోవడానికి కొందరు విదేశీ కాల్స్‌ను ఇంటర్నెట్ ద్వారా రప్పించి, స్థానిక సిమ్ కార్డుల నుండి వచ్చినట్లు మళ్ళించేవారు. దుబాయి నుండి వచ్చిన కాల్‌కు ఫోను తెరపై భారతదేశపు నంబరు కనిపించడానికి కారణం ఇదే. ఇది చట్టవిరుద్ధము. అయినా అధికారిక ధరకు, అసలు ఖర్చుకు మధ్య అంతరం ఉన్నచోట ఇటువంటి దొంగదారులు ఏర్పడటం సహజము.

స్మార్ట్‌ఫోన్లు వచ్చిన తరువాత వాట్సాప్, ఐ.ఎం.ఓ. వంటి ఆప్‌ల ద్వారా మాట్లాడడం పెరిగింది. సౌదీ అరేబియా ఇంటర్నెట్ కాల్స్‌పై నిషేధాన్ని 2017 సెప్టెంబరులో సడలించింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో మాత్రం అనుమతి పొందిన ఆప్‌లనే వాడవలసి ఉన్నది. అంటే ఏ దేశంలో పని చేస్తున్నారు అన్నదానిని బట్టి కుటుంబానికి మాట్లాడే ఖర్చు మారుతున్నది.

నేటి పరిస్థితి

2011 జనవరి 20 నుండి దేశమంతటా నంబరు మార్చకుండా సెల్‌ఫోను సంస్థను మార్చుకొనే సౌకర్యం అందుబాటులోకి వచ్చింది. "పోర్ట్" అని వ్రాసి తన నంబరును జోడించి 1900కు సందేశం పంపితే కోడు వస్తుంది. దానితో కొత్త సంస్థను సంప్రదించాలి. 2015 జూలై 3 నుండి వేరే రాష్ట్రానికి మారినా పాత నంబరు ఉంచుకోవచ్చు. ల్యాండ్‌లైన్లకు ఈ సౌకర్యం లేదు. క్యారియర్ ఎంపిక ఇవ్వలేని బేరమాడే శక్తిని నంబరు పోర్టబిలిటీ కొంతవరకు వినియోగదారునికి ఇచ్చింది.

అయితే ఎంచుకొనడానికి మిగిలిన సంస్థల సంఖ్య తగ్గింది. 2012లో సుప్రీం కోర్టు 122 లైసెన్సులను రద్దు చేసింది. ధరల పోటీలో పలు సంస్థలు నష్టపోయాయి. 2018లో వోడాఫోన్, ఐడియా విలీనమయ్యాయి. 2019లో టాటా సంస్థ సెల్‌ఫోను వ్యాపారం ఎయిర్‌టెల్‌లో కలిసింది. ప్రధానంగా జియో, ఎయిర్‌టెల్, వోడాఫోన్ ఐడియా, బి.ఎస్.ఎన్.ఎల్. సంస్థలే మిగిలాయి. 2024 జూలైలో మూడు ప్రైవేటు సంస్థలు ఒకటి రెండు రోజుల తేడాతో ధరలు పెంచాయి. ధరలు పెంచని బి.ఎస్.ఎన్.ఎల్.కు ఆ తరువాతి నెలలలో చందాదారులు పెరిగారు.

దూరాన్ని బట్టి ధర పోయి, నెలకు లేదా నిర్ణీత రోజులకు ఒకే మొత్తం చెల్లించే ప్యాకులు వచ్చాయి. ఇందులో కాల్స్‌తో పాటు డేటా కలిపి ఉంటుంది. డేటా అవసరం లేని వృద్ధులు, సాధారణ ఫోను వాడేవారు కూడా దానికి డబ్బు చెల్లించవలసి వచ్చేది. అందువలన 2024 డిసెంబరులో ట్రాయ్, కాల్స్, సందేశాలకు మాత్రమే పరిమితమైన ప్యాకులను కూడా తప్పక అందించాలని సంస్థలను ఆదేశించింది.

ఫలితాలు

సుదూర టెలిఫోను సేవలలో పోటీ వలన వచ్చిన ప్రధాన లాభం, దూరం అనేది ధరకు కారణం కాకుండా పోవడం. ఒకప్పుడు రాత్రి పొద్దుపోయే వరకు ఆగి, మీటరు చూస్తూ మాట్లాడిన కుటుంబాలు ఇప్పుడు సమయం చూడకుండా మాట్లాడుకోగలుగుతున్నాయి. కాని పోటీని అనుమతించడం, వినియోగదారునికి ఎంపిక ఇవ్వడం ఒకటి కాదని కూడా ఈ చరిత్ర వలన తెలుస్తుంది. క్యారియర్ ఎంపిక ఆదేశాలలో ఉండి కూడా అమలు కాలేదు. నంబరు పోర్టబిలిటీ అమలయి ఉపయోగపడింది. గల్ఫ్ కాల్స్ విషయంలో అవతలి దేశపు విధానం ఎంపికను పరిమితం చేసింది. ఒక గ్రామంలో వినియోగదారుని ఎంపిక, దేశంలో ఎన్ని సంస్థలకు లైసెన్సు ఉన్నది అన్నదానిపై కాక, ఆ గ్రామంలో ఎన్ని సంస్థల సిగ్నల్ అందుతుంది, ఒకదాని నుండి మరొకదానికి ఎంత సులువుగా మారవచ్చు అన్న విషయాలపై ఆధారపడి ఉంటుంది.